మోటారు సైకిల్ సంరక్షణ: నడిపేటప్పుడు, కడిగేటప్పుడు, మూలన పెట్టేటప్పుడు

1985లో హీరో హోండా సంస్థ సీడీ 100 మోటారు సైకిల్‌ను విడుదల చేసినప్పుడు, పెట్రోలు నింపి, మూత బిగించి, ఇక మరచిపొమ్మన్న ప్రకటన దేశమంతటా మారుమోగింది. నిజానికి మరచిపొమ్మన్నది పెట్రోలు ఖర్చును మాత్రమే. కాలక్రమంలో వాహనదారులు ఆ మాటను మొత్తం బండికి అన్వయించుకున్నారు.

అంతకుముందు వాడుకలో ఉన్న టూ-స్ట్రోక్ బళ్ల యజమానికి మరచిపోయే వీలు ఉండేది కాదు. చాలా బళ్లలో పెట్రోలు పోయించిన ప్రతిసారీ తగిన పాళ్లలో ఆయిల్ కలపాల్సి వచ్చేది. ప్లగ్ మసిబారి బండి దారిలో ఆగిపోతే, అక్కడే విప్పి గరుకు కాగితంతో రుద్ది తిరిగి బిగించుకోవాల్సి వచ్చేది. ఫోర్-స్ట్రోక్ ఇంజన్లు ఆ శ్రమను తప్పించాయి. 2020 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన బీఎస్-6 కాలుష్య ప్రమాణాలతో కార్బురేటర్ సైతం చాలావరకు కనుమరుగై, పెట్రోలును కొలిచి ఇంజన్‌లోకి పంపే పని ఎలక్ట్రానిక్ వ్యవస్థకు దక్కింది. యజమాని స్వయంగా చేయి పెట్టగలిగిన చోట్లు అలా ఒక్కొక్కటిగా తగ్గుతూ వచ్చాయి. మిగిలినవి ప్రధానంగా మూడు: టైర్లు, బ్రేకులు, చైన్. బండి మీద కూర్చున్నవారి ప్రాణం ఆధారపడి ఉండేదీ వాటి మీదే.

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, వారిలో 44.5 శాతం మంది ద్విచక్ర వాహనాలపై ప్రయాణిస్తున్నవారు. మితిమీరిన వేగం, హెల్మెట్ లేకపోవడం, రోడ్ల తీరు ఇందుకు పెద్ద కారణాలు. ఇన్ని మరణాలనూ బండి లోపాలకు ఆపాదించడం సరికాదు. అయితే హఠాత్తుగా గేదె అడ్డు వచ్చినప్పుడు బండి దానికి ఇవతలే ఆగుతుందా, దాన్ని ఢీకొంటుందా అన్నది కొంతవరకు ఆ ఉదయం టైరులో ఉన్న గాలి మీద, బ్రేకులో మిగిలిన షూ మీద ఆధారపడి ఉంటుంది.

వారానికి పది నిమిషాలు

టైరులో ఎంత గాలి ఉండాలన్నది పంక్చర్ షాపులో బొటనవేలితో నొక్కి తేల్చే విషయం కాదు. తయారీదారు నిర్ణయించిన పీడనం వెనుక చక్రం పక్కన ఉండే స్వింగ్ ఆర్మ్ మీదనో, చైన్ కవరు మీదనో అతికించిన చీటీలో ఉంటుంది. 100 సీసీ తరగతి బళ్లలో ముందు టైరుకు 25 పీఎస్ఐ, ఒక్కరే ప్రయాణించేటప్పుడు వెనుక టైరుకు 28 పీఎస్ఐ ప్రాంతంలో ఉండడం సాధారణం. వెనుక మరొకరు కూర్చుంటే వెనుక టైరుకు అంతకన్నా చాలా ఎక్కువ కావాలి. ఆ రెండో అంకెను చదివినవారు తక్కువ. భార్యాభర్తలు, మధ్యలో బిడ్డ, పక్కన బియ్యం సంచితో సాగే బండికి అదే అసలైన అంకె. గాలి తక్కువైన టైరు పక్కలకు నలిగి వేడెక్కుతుంది, త్వరగా అరుగుతుంది, మలుపులో బండిని పక్కకు లాగుతుంది.

గాలిని టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ఎండలో యాభై కిలోమీటర్లు నడిచిన టైరులో పీడనం సహజంగానే పెరుగుతుంది. అప్పుడు ఎక్కువైందని గాలి తీసేస్తే మరునాటి ఉదయానికి తక్కువవుతుంది. నైట్రోజన్ నింపించుకుంటే మంచిదన్న ప్రచారం ఉంది. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంటుంది కనుక రోజూ తిరిగే బండికి దానికోసం ప్రత్యేకంగా డబ్బు పెట్టాల్సిన పని లేదు. ఆ డబ్బుతో గాలి కొలిచే చిన్న మీటరు కొనుక్కోవడం మేలు.

టైరు వయసును పక్క గోడ మీద అండాకారపు గడిలో ఉండే నాలుగంకెలు చెబుతాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైన టైరు. కొత్త టైరు కొనేటప్పుడు కూడా ఈ అంకెలు చూడాలి. అంగట్లో ఏళ్ల తరబడి ఉన్న టైరుపై గాట్లు నిండుగా ఉన్నా, రబ్బరు గట్టిపడి తడి రోడ్డుపై పట్టు ఇవ్వదు. గాట్ల మధ్య అక్కడక్కడ కాస్త ఎత్తుగా కనిపించే అడ్డపట్టీల దాకా టైరు అరిగితే దానికి కాలం చెల్లినట్టే. మేకు దిగిన ట్యూబ్‌లెస్ టైరు నుంచి దారిలోనే ఆ మేకును పీకడం తొందరపాటు. దాన్ని అలాగే ఉంచి, గాలి చూసుకుంటూ నెమ్మదిగా పంక్చర్ షాపుకు చేరడం ఉత్తమం.

బ్రేకుల విషయంలో వెనుక డ్రమ్ము బ్రేకు అరుగుదలను యజమానికి తెలిపే ఏర్పాటు బండిమీదే ఉంటుంది. బ్రేకు తొక్కి పట్టినప్పుడు డ్రమ్ము వద్ద ఉన్న చిన్న బాణం గుర్తు, పక్కన గీసిన గీత దగ్గరకు చేరిందంటే షూలు మార్చాలి. అప్పటికీ నట్టు బిగించుకుంటూ పోవడం మన వాహనదారులకు బాగా అలవాటైన పొరపాటు. డిస్క్ బ్రేకులో ప్యాడ్ మీది గాడి కనిపించకపోతే మార్చే సమయం వచ్చినట్టు. లోహం లోహంతో రాచుకునే చప్పుడు వినిపించేదాకా ఆగితే, ప్యాడ్లతోపాటు అంతకు ఎన్నో రెట్లు ఖరీదైన డిస్క్ కూడా పాడవుతుంది.

డిస్క్ బ్రేకులోని ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. తేమ చేరిన ద్రవం తక్కువ వేడికే మరుగుతుంది. తిరుమల, శ్రీశైలం వంటి ఘాట్ రోడ్లపై దిగుతూ బ్రేకును పదేపదే నొక్కినప్పుడు ద్రవంలో ఆవిరి బుడగలు ఏర్పడితే లివరు మెత్తబడి బ్రేకు పట్టదు. అందుకే బండి ఎంత తక్కువ తిరిగినా రెండేళ్లకోసారి ద్రవాన్ని మార్చాలి. మెకానిక్ మారుస్తున్నప్పుడు అది ట్యాంకుపై చిందితే వెంటనే నీళ్లతో కడగాలి, లేకుంటే రంగును తినేస్తుంది.

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లకు ఏబీఎస్, అంతకు లోపు వాటికి కనీసం సీబీఎస్ తప్పనిసరి అయ్యాయి. ఏబీఎస్ చక్రం జారకుండా చూస్తుంది. అరిగిన ప్యాడ్లకు, నున్నబడిన టైరుకు అది ప్రత్యామ్నాయం కాదు. మరొక జాగ్రత్త మెకానిక్ షెడ్లకు సంబంధించినది. పాత బ్రేక్ షూలలో ఆస్‌బెస్టాస్ వాడేవారు. దాని ధూళి ఊపిరితిత్తులకు తీవ్ర హాని చేస్తుంది. డ్రమ్ములోని పొడిని నోటితో ఊదడం, గాలి పైపుతో ఎగరగొట్టడం మాని తడిగుడ్డతో తుడిచేయాలి.

హెడ్‌లైటు, బ్రేకు లైటు, ఇండికేటర్లు, హారన్, క్లచ్ తీగ. వీటిని చూడడానికి ఒక్క నిమిషం చాలు. బ్రేకు లైటు వెలుగుతున్నదీ లేనిదీ నడిపేవారికి కనిపించదు కనుక వెనుక గోడపై పడే ఎర్రని వెలుగును చూసి తెలుసుకోవచ్చు.

చైన్

మోటారు సైకిల్‌లో ఇంజన్ శక్తి అంతా ఒక్క చైన్ ద్వారానే వెనుక చక్రానికి చేరుతుంది. దుమ్ము, బురద, వాన అన్నింటినీ భరించే భాగమూ అదే. అయినా అది శబ్దం చేసేదాకా ఎవరూ దానివైపు చూడరు.

సుమారు 500 కిలోమీటర్లకోసారి, వానాకాలంలో అంతకన్నా ముందే, చైన్‌ను తుడిచి ఆయిల్ పెట్టాలి. పాత బ్రష్షుతో కిరోసిన్ గానీ, అంగట్లో దొరికే చైన్ క్లీనర్ గానీ రాసి మురికి వదిలించి, పొడిగుడ్డతో తుడిచి, 90 గ్రేడ్ గేర్ ఆయిల్‌నో, చైన్ లూబ్‌నో చక్రాన్ని తిప్పుతూ చైన్ లోపలి వైపున పడేలా వేయాలి. కాసేపాగి పైన మిగిలిన ఆయిల్‌ను తుడిచేయాలి. అలా తుడవకపోతే ఆ జిడ్డుకు ఇసుక అంటుకుని గరుకు కాగితంలా పళ్లను అరగదీస్తుంది. ఖరీదైన బళ్ల చైన్లలో చిన్న రబ్బరు రింగులు ఉంటాయి. వాటిని పెట్రోలుతో కడిగితే రబ్బరు పాడై లోపలి గ్రీజు బయటకు పోతుంది. ఇంజన్ నుంచి తీసిన నల్లని వాడిన ఆయిల్‌ను చైన్‌కు పూయడం పల్లెల్లోనూ పట్టణాల్లోనూ కనిపించే అలవాటు. అందులో అరిగిన లోహపు రజను ఉంటుంది. పొదుపుగా తోచే ఈ పనివల్ల చైన్ సెట్టు ముందే మార్చాల్సి వస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ నడుపుతూ, గేరులో ఉంచి, తిరుగుతున్న చైన్‌కు గుడ్డ అడ్డుపెట్టి తుడవడం చాలా షెడ్లలో మామూలే. పని త్వరగా అవుతుంది, నిజమే. ఆ గుడ్డ కొస చైన్‌లో చిక్కుకుంటే దాన్ని పట్టుకున్న వేళ్లను పళ్ల చక్రం కోసేయడానికి క్షణం పట్టదు. తాళం తీసి, న్యూట్రల్‌లో ఉంచి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ మాత్రమే ఈ పని చేయాలి.

చైన్ వదులు ఎంత ఉండాలన్నది బండిని బట్టి మారినా, చాలావాటిలో కింది వరుసను మధ్యలో పైకీ కిందికీ కదిపితే 20 నుంచి 30 మిల్లీమీటర్ల కదలిక ఉండాలి. చైన్ అంతటా ఒకేలా సాగదు కనుక చక్రాన్ని తిప్పుతూ మూడు నాలుగు చోట్ల కొలిచి, అన్నిటికన్నా బిగువుగా ఉన్న చోటును లెక్కలోకి తీసుకోవాలి. మరీ బిగిస్తే గేరుబాక్సు బేరింగ్ దెబ్బతింటుంది. మరీ వదులైతే చైన్ ఊడి చక్రానికి అడ్డుపడి, నడుస్తున్న బండి ఉన్నట్టుండి ఆగిపోయే ప్రమాదం ఉంది. బిగించేటప్పుడు చక్రానికి రెండు వైపులా ఉన్న గీతలు సమానంగా ఉండాలి, లేకుంటే చక్రం వంకరగా కూర్చుంటుంది. చైన్ బిగించడానికి చక్రాన్ని వెనక్కి జరిపినప్పుడు వెనుక బ్రేకు రాడ్డు కూడా బిగుసుకుంటుందన్న సంగతిని అనుభవం ఉన్న మెకానిక్‌లు కూడా ఒక్కోసారి మరచిపోతారు. చైన్ పని పూర్తయ్యాక వెనుక చక్రం తేలికగా తిరుగుతున్నదా, బ్రేకు పెడల్‌కు తగినంత ఆట ఉన్నదా అన్నది యజమానే చూసుకోవాలి.

చైన్ మార్చాల్సి వస్తే ముందు, వెనుక పళ్ల చక్రాలతో కలిపి సెట్టుగా మార్చాలి. అరిగిన పళ్లపై వేసిన కొత్త చైన్ ఎక్కువ కాలం మన్నదు.

చైన్ కవరు, చీర గార్డు విషయం సంరక్షణలో భాగమేనా అన్న సందేహం రావచ్చు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమావళి 123వ నిబంధన, వెనుక కూర్చున్నవారి దుస్తులు చక్రంలో చిక్కుకోకుండా కనీసం సగం చక్రాన్ని కప్పే రక్షణ, పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్ట్ ఉండాలని నిర్దేశిస్తోంది. బండి అందం కోసమో, కడగడం తేలికవుతుందనో చీర గార్డును విప్పి అటకెక్కించే యువకులు ఎందరో. ఆ బండి వెనుక తల్లో, చెల్లెలో కూర్చుంటుంది. చున్నీ గానీ, చీర కొంగు గానీ చక్రంలో చుట్టుకుంటే మెడకు ఉరి బిగిసే ప్రమాదం ఉంది. సర్వీసింగ్ నుంచి బండి తిరిగి తెచ్చుకునేటప్పుడు గార్డు స్క్రూలన్నీ తిరిగి బిగించారో లేదో చూసుకోవాలి.

ఆయిల్, ఫిల్టర్, ప్లగ్

100 నుంచి 125 సీసీ బళ్లలో ఇంజన్ ఆయిల్ దాదాపు ఒక లీటరు పడుతుంది. అందులో 200 మిల్లీలీటర్లు తగ్గిందంటే అయిదో వంతు తగ్గినట్టు. కారు యజమానికి అంత కొరత పెద్ద లెక్క కాకపోవచ్చు. మోటారు సైకిల్‌కు మాత్రం అది ఇంజన్ పట్టేసే దిశలో మొదటి అడుగు. సైడ్ స్టాండ్ మీద కాకుండా బండిని నిటారుగా నిలిపి, రెండు మూడు నిమిషాలు నడిపి ఆపి, మరో రెండు మూడు నిమిషాలు ఆగి పుల్లతో కొలవాలి. ఆ పుల్లను మరలు తిప్పి చూడాలా, ఊరికే ఆనించి చూడాలా అన్నది బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. రంగు నల్లబడినంత మాత్రాన ఆయిల్ చెడినట్టు కాదు, మురికిని తనలో కలుపుకోవడం దాని పనే. పుస్తకంలో చెప్పిన కిలోమీటర్లకో, నెలలకో, ఏది ముందైతే దానికి మార్చాలి. రోజూ ట్రాఫిక్‌లో నిలిచి నిలిచి నడిచే బండికి కిలోమీటర్ల లెక్క ఒక్కటే చాలదు.

కారు ఆయిల్‌ను మోటారు సైకిల్‌లో పోయకూడదు. చాలా మోటారు సైకిళ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కొన్ని కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించడానికి కలిపే పదార్థాలవల్ల ఆ ప్లేట్లు జారుతాయి. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అన్న గుర్తు, పుస్తకంలో చెప్పిన గ్రేడు రెండూ ఉన్నదే కొనాలి. తీసిన పాత ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. దాన్ని మురుగు కాల్వలో పారబోయకుండా సేకరించే షెడ్డుకే ఇవ్వాలి.

ఎయిర్ ఫిల్టర్ విషయంలో గాలి కొట్టి దులిపేస్తే సరిపోతుందన్న నమ్మకం బలంగా ఉంది. ఇప్పటి చాలా బళ్లలో ఆయిల్ పూసిన కాగితపు ఫిల్టర్లు వస్తున్నాయి. వాటిని కడగకూడదు, గాలి కొట్టకూడదు, గడువుకు మార్చేయాలి. ప్లగ్ కొస లేత గోధుమరంగులో ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడిగా నల్లగా మసిబారితే పెట్రోలు ఎక్కువ పడుతున్నట్టో, ఫిల్టరు మూసుకుపోయినట్టో, ఆయిల్‌తో తడిగా ఉంటే ఇంజన్ లోపల అరుగుదల ఉన్నట్టో అనుమానించాలి. వాల్వుల సర్దుబాటు, ఇంజెక్టర్ శుభ్రత మెకానిక్‌కు వదలాల్సిన పనులు.

కడగడం అంటే చూడడం

బండిని కడిగేటప్పుడు మనిషి కళ్లు మరే సమయంలోనూ చేరని చోట్లకు చేరతాయి. ఫోర్కు గొట్టం మీద ఆయిల్ చారిక, విరిగిన చువ్వ, వదులైన సైలెన్సర్ నట్టు, పగిలిన పెట్రోలు పైపు, సైడ్ స్టాండ్‌కు సగం తెగిన స్ప్రింగు కనబడేది అప్పుడే. అందుకే నెలకు ఒక్కసారైనా సర్వీసింగ్ సెంటరుకు ఇవ్వకుండా ఇంట్లోనే కడుక్కోవడం మంచిది. రెండు బకెట్ల నీళ్లు చాలు.

ఇంజన్ పూర్తిగా చల్లారాక నీడలో కడగాలి. ముందుగా నీళ్లు పోసి దుమ్మును కరిగించిన తర్వాతే గుడ్డ పెట్టాలి. సింగరేణి ప్రాంతపు బొగ్గు పొడి, థర్మల్ కేంద్రాల చుట్టుపక్కల పడే బూడిద, క్వారీ ఊళ్లలోని రాతి పిండి పొడిగా ఉన్నప్పుడు తుడిస్తే ట్యాంకు రంగుపై సన్నని గీతలు పడతాయి. బట్టల సబ్బు పొడి వాడకూడదు, దాని క్షారం రంగు మెరుపును తీసేస్తుంది. బండి షాంపూ లేకుంటే కొద్దిపాటి తలస్నానపు షాంపూ నయం. పైనుంచి కిందికి కడుగుతూ, చక్రాలకూ చైన్‌కూ వేరే గుడ్డ వాడాలి.

సర్వీసింగ్ సెంటర్లలో వాడే అధిక పీడనపు నీటిధార మురికితోపాటు గ్రీజునూ తోసేస్తుంది. చక్రాల ఇరుసులు, హ్యాండిల్ కింది బేరింగ్, చైన్, మీటరు, వైర్ల కనెక్టర్లు, సైలెన్సర్ మూతి ఈ ధారకు గురి కాకూడదు. నీళ్ల తర్వాత బండంతా డీజిల్ స్ప్రే చేసి తళతళలాడించి ఇవ్వడం మరో ఆనవాయితీ. ఆ మెరుపు రెండు రోజులు ఉంటుంది. డీజిల్ సోకిన రబ్బరు భాగాలు మాత్రం ఉబ్బి, మెత్తబడి పాడవుతాయి. డిస్క్ మీద, టైరు మీద పడితే ఆ పూటే ప్రమాదం. పాలిష్, చైన్ లూబ్ విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

కడిగిన వెంటనే బ్రేకులు తడిసి ఉంటాయి. నెమ్మదిగా కొంతదూరం నడుపుతూ రెండు బ్రేకులనూ పలుమార్లు సున్నితంగా నొక్కి ఆరనివ్వాలి. ఆపైన చైన్ తుడిచి ఆయిల్ పెట్టాలి. విశాఖపట్నం, భీమిలి, కాకినాడ వంటి తీర ప్రాంతాల్లో ఉప్పు గాలికి నట్లు, చువ్వలు, సైలెన్సర్ త్వరగా తుప్పుపడతాయి. అక్కడివారు బండి మురికిగా కనిపించకున్నా మంచినీళ్లతో తరచుగా కడిగి ఆరబెట్టుకోవాలి.

దసరాకు ఆయుధ పూజ చేసే ఇళ్లలో బండి ఏడాదికి ఒక్కసారైనా పూర్తిగా శుభ్రపడుతుంది. అది మంచి ఆచారం. ఆ రోజున పసుపు కుంకుమలు పెట్టే చేతులతోనే టైరు గాట్లనూ, బ్రేకు బాణం గుర్తునూ చూస్తే పూజ మరింత సార్థకమవుతుంది. హ్యాండిల్‌కు కట్టిన బంతిపూల దండ బ్రేకు తీగల మధ్య ఇరుక్కోకుండా బయల్దేరే ముందు విప్పాలి. దిష్టి తీసి రోడ్డుపై కొట్టిన గుమ్మడికాయ ముక్కలను పక్కకు తీసేయాలి, లేదంటే వెనక వచ్చే మరో బండి వాటిపై జారుతుంది.

నీట మునిగితే

2020 అక్టోబరులో హైదరాబాదు కాలనీలను వరద ముంచెత్తినప్పుడు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతం నీట మునిగినప్పుడు పెద్దసంఖ్యలో బళ్లు నీళ్లలో ఉండిపోయాయి. అలాంటప్పుడు నీరు తీయగానే, నడుస్తుందో లేదో చూద్దామని సెల్ఫ్ నొక్కడం, కిక్ కొట్టడం ఎవరికైనా సహజం. బండికి అసలు నష్టం జరిగేది చాలాసార్లు అప్పుడే. గాలిని నొక్కితే కుదించుకుపోతుంది, నీరు అలా కుదించుకుపోదు. సిలిండరులో నీరు ఉండగా పిస్టన్ పైకి వస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు.

తాళం కూడా వేయకూడదు. బ్యాటరీ తీగలు విప్పి, ఉన్నచోటే ఫొటోలు తీసి, సొంత నష్టానికీ వర్తించే బీమా ఉంటే ముందుగా ఆ సంస్థకు తెలిపి, బండిని తోసుకుంటూనో వాహనంలో ఎక్కించో షెడ్డుకు చేర్చాలి. థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉన్నవారికి ఈ పరిహారం రాదు. ఇంజన్ ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంటే అందులో నీరు చేరినట్టే. ప్లగ్ విప్పి నీరు బయటకు పంపడం, ఆయిల్, ఫిల్టర్లు మార్చడం, ట్యాంకు ఖాళీ చేయడం, డ్రమ్ములు విప్పి ఒండ్రు తీయడం, బేరింగులకు కొత్త గ్రీజు పెట్టడం వరుసగా జరగాలి. పైకి శుభ్రంగా కనిపించే బండిలో ఒండ్రు మిగిలితే కొన్ని వారాలకు బేరింగులు గరగరలాడుతూ ఆ సంగతి బయటపడుతుంది.

నెలల తరబడి వాడనప్పుడు

2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలయ్యాక కదలకుండా ఉంటే బండికి ఏమవుతుందో లక్షలాది ఇళ్లలో ఒకేసారి తెలిసివచ్చింది. బ్యాటరీలు దిగిపోయాయి, టైర్లు కూర్చుండిపోయాయి, ఎలుకలు వైర్లు కొరికాయి. జగిత్యాల, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకు, కోనసీమ, రాజంపేట ప్రాంతాల నుంచి కువైట్‌కు పనికి వెళ్లే కుటుంబాలకు ఇది పాత అనుభవమే. ఇంటి యజమాని తిరిగి వచ్చే రెండేళ్లకు బండి వసారాలో తుప్పుపట్టి ఉంటుంది.

నెలలోపు విరామానికి ప్రత్యేక ఏర్పాట్లు అక్కరలేదు. అంతకు మించితే ముందుగా బండిని కడిగి పూర్తిగా ఆరబెట్టి, ఇంజన్ ఆయిల్ మార్చాలి. వాడిన ఆయిల్‌లో చేరిన ఆమ్లాలు నిలిచి ఉన్న ఇంజన్‌లోని లోహాన్ని మెల్లగా తింటాయి. చైన్‌కు ఆయిల్ పెట్టి, టైర్లలో గాలి నింపి, సెంటర్ స్టాండ్ వేయాలి. ముందు చక్రం కింద చెక్క ముక్క పెట్టి కాస్త లేపి ఉంచగలిగితే మరీ మంచిది.

పెట్రోలు విషయంలో కొంత ఆలోచించాలి. సగం నిండిన ఇనుప ట్యాంకు లోపలి గోడలపై తేమ పేరుకుని తుప్పు పడుతుంది. పైగా ఇప్పుడు పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది. ఆ నీరు మోతాదు మించితే ఇథనాల్‌తో సహా విడిపోయి ట్యాంకు అడుగుకు చేరుతుంది. కొద్ది నెలల విరామమైతే ట్యాంకును దాదాపు పూర్తిగా నింపి మూత గట్టిగా బిగించడం, ఏడాది పైబడితే మెకానిక్‌తో ఖాళీ చేయించడం సరైన పద్ధతి. కార్బురేటర్ ఉన్న పాత బండికి అందులోని పెట్రోలును తప్పక తీసేయాలి, లేకుంటే అది ఎండి జిగురై సన్నని రంధ్రాలను మూసేస్తుంది.

అయితే నిండు ట్యాంకుతో ఉన్న బండిని ఎక్కడ ఉంచుతున్నారన్నది అన్నిటికన్నా ముఖ్యం. అపార్ట్‌మెంటు మెట్ల కింద, కరెంటు మీటర్ల పక్కన, వంటగది వెనుక గదిలో ఉంచకూడదు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది, నేలబారున పాకుతుంది. మెట్ల కింద మంట రేగితే పై అంతస్తులవారు దిగాల్సిన దారి అదే. స్థలం లేదన్న సాకుతో సంఘాలు ఈ విషయాన్ని ఏళ్ల తరబడి వాయిదా వేస్తున్నాయి. గాలి ఆడే షెడ్డు దొరకని చోట ట్యాంకు ఖాళీ చేయించి ఉంచడమే మేలు, తుప్పు భయం రెండోది.

బ్యాటరీని విప్పి ఇంట్లో పొడిచోట, పిల్లలకు అందకుండా పెట్టి, నెలకోసారి తగిన ఛార్జర్‌తో ఛార్జి చేయాలి. విప్పేటప్పుడు ముందు నెగెటివ్ తీగ, బిగించేటప్పుడు చివర నెగెటివ్ తీగ. పూర్తిగా దిగిపోయిన స్థితిలో వదిలేసిన లెడ్ బ్యాటరీ మళ్లీ కోలుకోదు. మూతలున్న పాతరకం బ్యాటరీలో గీత మేరకు డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. విద్యుత్ స్కూటరు అయితే బ్యాటరీని పూర్తిగా నింపీ, పూర్తిగా ఖాళీ చేసీ ఉంచకుండా దాదాపు సగంలో ఉంచి, అప్పుడప్పుడు చూసుకోవాలి.

సైలెన్సర్ మూతికి ప్లాస్టిక్ కవరు కట్టి, అది గుర్తుండేలా తాళంచెవికి ఒక చీటీ తగిలించాలి. బండిపై గాలి ఆడే గుడ్డ కప్పాలి. ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల చెమ్మ పట్టి తుప్పు పెరుగుతుంది. ఎలుకలు దూరకుండా సీటు కింద కలరా ఉండలు ఉంచేవారున్నారు. గింజలు, మేత నిల్వచేసే గదికి బండిని దూరంగా ఉంచితే ఇంకా ఫలితం ఉంటుంది.

వారానికోసారి అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం మంచిదని ఇంటివారికి అప్పగించి వెళ్లడం తరచూ కనిపిస్తుంది. అది మేలుకన్నా కీడే చేస్తుంది. ఇంజన్ పూర్తిగా వేడెక్కనందున మండినప్పుడు పుట్టిన నీటి ఆవిరి సైలెన్సర్‌లో, ఆయిల్‌లో మిగిలిపోతుంది. స్టార్ట్ చేయడంలో ఖర్చయిన బ్యాటరీ ఆ కొద్ది నిమిషాల్లో తిరిగి నిండదు. నడపదలిస్తే రోడ్డుపై ఇరవై నిమిషాలు నడపాలి, లేదంటే అసలు కదపకూడదు. మూసిన గదిలో ఇంజన్ ఆన్ చేయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పనికిరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషి స్పృహ తప్పేదాకా తెలియదు.

తిరిగి రోడ్డెక్కే ముందు

గుడ్డ తీయగానే స్టార్ట్ చేయకుండా ముందుగా బండి చుట్టూ తిరిగి చూడాలి. వానాకాలంలో పల్లెల్లో సీటు కింద, హెడ్‌లైటు డూము లోపల పాములు చేరిన సందర్భాలు అరుదేమీ కావు. కర్రతో తట్టి, సీటు తీసి చూశాకే చేయి పెట్టాలి. సైలెన్సర్ కవరు విప్పాలి. వైర్లపై ఎలుక పళ్ల గుర్తులు, పెట్రోలు పైపు పగుళ్లు, కింద నేలపై ఆయిల్ మరకలు వెతకాలి. టైర్ల పక్క గోడలను వంచి చూస్తే పగుళ్లు కనిపిస్తాయి. పాత పెట్రోలు ఘాటైన పుల్లని వాసన వేస్తుంటే దాన్ని తీయించి కొత్తది పోయించాలి.

బ్యాటరీ బిగించి, బ్రేకులను బండి కదలకముందే నొక్కి చూడాలి. డిస్క్ లివరు మెత్తగా లోపలికి పోతున్నా, డ్రమ్ము బ్రేకు తొక్కితే తిరిగి రాకున్నా బండిని తోసుకుంటూనే షెడ్డుకు తీసుకెళ్లాలి. అన్నీ సరిగా ఉంటే వీధిలోనే తక్కువ వేగంతో రెండు మూడుసార్లు ఆపి చూసుకున్న తర్వాత పెద్ద రోడ్డెక్కవచ్చు.

కాగితాల సంగతి కూడా అప్పుడే చూసుకోవాలి. 2018 సెప్టెంబరు 1 తర్వాత కొన్న కొత్త బళ్లకు అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవడం తప్పనిసరి అయింది. ఏటా కట్టే అలవాటు తప్పినందువల్ల ఆ గడువు ముగిసిన సంగతి చాలామందికి గుర్తుండడం లేదు. పొల్యూషన్ సర్టిఫికెట్ తేదీని, రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల గడువును ఆర్‌సీతో పోల్చి చూసుకున్నాకే బండి గేటు దాటాలి.